పొడుగు కమాండ్లకు పొట్టి పేర్లు: లినక్స్‌లో ఎలియాస్‌లు పెట్టడం, దాచడం, తీసేయడం

రోజూ ఒకే పొడుగు కమాండును, అవే చుక్కలూ గీతలూ పొల్లుపోకుండా, మళ్లీ మళ్లీ కొట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు ఎచ్చెర్లలో చదువుకునే విద్యార్థి కావచ్చు. శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుని హైదరాబాదు కంపెనీ సర్వర్లు చూసుకునే ఉద్యోగి కావచ్చు. పలాసలో జీడిపప్పు కొట్టులో ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ మీద లెక్కలు రాసే గుమాస్తా కావచ్చు. మనం కొట్టే కమాండ్లను అందుకుని నడిపించే ప్రోగ్రామును షెల్ అంటారు. షెల్‌లో పొడుగు కమాండుకు పొట్టి పేరు పెట్టుకుంటే దాన్ని ఎలియాస్ అంటారు. పెట్టడం నిమిషం పని. దేనికి పెట్టాలి, దేనికి పెట్టకూడదు, పెట్టినవి ఎక్కడ దాచాలి అన్నచోటే చాలామంది తికమకపడతారు. అందుకని ఆ సంగతులే ఎక్కువ చెబుతాను.

ఉదాహరణలకు ఆ జీడిపప్పు కొట్టునే తీసుకుందాం. హోమ్ ఫోల్డర్‌లో 'బిల్లులు' అని ఒక ఫోల్డరు, అందులో ఆర్థిక సంవత్సరానికొకటి చొప్పున ఫోల్డర్లు. కొట్టు కట్టేముందు వాటన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను చూసినవాళ్లకు, ఉద్దానం వైపు, బ్యాకప్ ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. కమాండ్లను ఫోన్‌లో చెప్పినట్టు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఎలియాస్ అంటే ఏ, ఎల్, ఐ, ఏ, ఎస్. ఎల్ఎస్, సీడీ, ఆర్ఎమ్ లాంటివి ఎలా వినిపిస్తే అలాగే. పెద్ద అక్షరం కావలసినచోట విడిగా చెబుతాను. గీతలు, కోట్‌లు, ఈక్వల్ గుర్తు, డాలర్ గుర్తు మాత్రం ఇక్కడ కనిపించినట్టే కొట్టండి.

ముందు ఉన్నవి చూడండి

మీది ఏ షెల్లో తెలుసుకోవాలంటే టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే కిటికీ తెరిచి 'ఎకో $0' అని కొట్టండి. ఎకో అంటే ఈ, సీ, హెచ్, ఓ. బాష్ అని వస్తే కింద చెప్పేదంతా మీకు వర్తిస్తుంది. బాష్ 1989లో వచ్చింది, రాసింది బ్రయన్ ఫాక్స్. ఎలియాస్‌లు అంతకు ముందే ఉన్నాయి. బిల్ జాయ్ రాసిన సీ షెల్‌లో ఉండేవి, తరవాతి షెల్‌లు అందిపుచ్చుకున్నాయి.

ఇప్పుడు 'ఎలియాస్' అని ఒక్క మాట కొట్టి ఎంటర్ నొక్కండి. మీరేమీ పెట్టకపోయినా ఉబుంటులో కొన్ని కనిపిస్తాయి: ఎల్ఎల్, ఎల్ఏ, ఎల్, ఫైళ్లలో మాటలు వెతికి రంగులతో చూపించే గ్రెప్ వగైరా. వాటిలో ఒకదాని సంగతి తెలుసుకోవాలంటే:

టైప్ ఎల్ఎల్

అది ఎలియాసా, ఫంక్షనా, డిస్కు మీద ఉన్న అసలు ప్రోగ్రామా అన్నది ఈ టైప్ కమాండు చెబుతుంది. చాలామంది దీనికి 'విచ్' వాడతారు. ఉబుంటు బాష్‌లో విచ్‌కి మీ ఎలియాస్‌ల సంగతి తెలియదు. టైప్‌నే అలవాటు చేసుకోండి.

ఆ తరవాత 'హిస్టరీ' అని కొట్టండి. ఉబుంటులో మామూలుగా చివరి 1000 కమాండ్లు వరసగా వస్తాయి. టీ తాగుతూ ఒకసారి పైనుంచి కిందికి చదవండి. పొడుగ్గా ఉండి, రోజూ కొడుతున్నవి మూడో నాలుగో తేలతాయి. ఎలియాస్ పెట్టాల్సింది వాటికి మాత్రమే. ఇంటర్నెట్‌లో 'తప్పక ఉండాల్సిన ఎలియాస్‌లు' అని పెద్ద పెద్ద జాబితాలు దొరుకుతాయి. వాటిని గంపగుత్తగా తెచ్చి అతికించుకుంటే వారం తిరిగేసరికి ఒక్క పేరూ గుర్తుండదు. నెలకోసారి వాడే కమాండుకు కంట్రోల్ పట్టుకుని ఆర్ నొక్కండి, ఆ కమాండులో ఒక ముక్క కొట్టండి. పాత కమాండు దానంతటదే వస్తుంది.

పెట్టడం

ఈ ఏడాది బిల్లుల ఫోల్డర్‌లోకి ఒక్క దెబ్బలో వెళ్లాలి:

ఎలియాస్ బిఎల్='సీడీ ~/బిల్లులు/2025-26'

ఇక బిఎల్ అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. ఈక్వల్ గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. వదిలారంటే బాష్ ఒక్కో ముక్కనూ ఒక్కో ఎలియాస్ పేరనుకుని, వరసగా దొరకలేదు, దొరకలేదు అంటూ పోతుంది. కోట్ మూయడం మర్చిపోతే ఏ తప్పూ చూపించదు. కింది లైన్లో బాణం తల లాంటి గుర్తు పెట్టి ఎదురుచూస్తుంది. కంగారు పడకండి. కంట్రోల్ సీ నొక్కి మళ్లీ మొదలెట్టండి.

ఎక్కువమందిని ఏడిపించేది ఇంకోటుంది. ఎవరో వాట్సాప్‌లోనో వర్డ్ ఫైలులోనో పంపిన లైను తెచ్చి అతికిస్తారు. ఆ ఫైలు రాసిన సాఫ్ట్‌వేర్ మామూలు కోట్‌లను ఒంపు తిరిగిన కోట్‌లుగా మార్చేసి ఉంటుంది. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి, బాష్‌కి కాదు. అతికించిన లైను పనిచేయకపోతే ముందు కోట్‌లు చెరిపి మీ చేత్తో కొట్టి చూడండి.

పేరు ఎంచుకునే ముందు ఆ పేరుతో అసలు కమాండేదైనా ఉందేమో టైప్‌తో చూడండి. డీడీ, డబ్ల్యూ, ఏటీ లాంటి రెండక్షరాల, ఒకటక్షరాల పేర్లు చాలావరకు ఎప్పుడో ఖర్చయిపోయాయి. 'దొరకలేదు' అని వస్తేనే ఆ పేరు మీది.

ఇప్పుడు సాయంత్రం బ్యాకప్:

ఎలియాస్ బ్యాక్='ఆర్‌సింక్ -ఏవీ ~/బిల్లులు/ /మీడియా/కొట్టు/పెన్/బిల్లులు/'

ఆర్‌సింక్ అంటే ఆర్, ఎస్, వై, ఎన్, సీ. ఫైళ్లు కాపీ చేసే కమాండు. ఉబుంటులో పెన్‌డ్రైవ్ పెడితే మీడియా ఫోల్డర్‌లో మీ యూజర్ పేరు కింద, డ్రైవ్‌కి పెట్టిన పేరుతో కనిపిస్తుంది. ఇక్కడ యూజర్ పేరు కొట్టు, డ్రైవ్ పేరు పెన్ అనుకున్నాం. మొదటి 'బిల్లులు' చివర ఉన్న ఏటవాలు గీతను తేలిగ్గా తీసుకోకండి. అది ఉంటే ఫోల్డర్‌లోని ఫైళ్లు వెళ్తాయి. లేకపోతే ఫోల్డరే వెళ్లి, బిల్లులులో ఇంకో బిల్లులు తయారవుతుంది. ఇలాంటి చిన్న గీతను రోజూ గుర్తుపెట్టుకునే బాధ తప్పించడమే ఎలియాస్ వల్ల అసలు లాభం. వేళ్లకు తగ్గే పని దాని ముందు ఎంత?

సింగిల్ కోటా, డబుల్ కోటా

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. బిల్లులన్నిటినీ ఆ రోజు తేదీతో ఒక మూటగా కట్టాలనుకోండి:

ఎలియాస్ మూట='టార్ -సీజెడ్ఎఫ్ ~/మూట-$(డేట్ +%ఎఫ్).టార్.జీజెడ్ ~/బిల్లులు'

శాతం గుర్తు పక్కన ఎఫ్ మాత్రం పెద్దక్షరం. అది ఏడాది, నెల, రోజు వరసలో తేదీ ఇస్తుంది. సింగిల్ కోట్‌లో పెట్టాం కాబట్టి మూట అని మీరు కొట్టిన ప్రతిసారీ ఆ క్షణంలో తేదీ అడుగుతుంది.

ఇదే లైను డబుల్ కోట్‌లో పెడితే? ఎలియాస్ తయారైన క్షణంలోనే తేదీ అడిగేసి, ఆ తేదీని లోపల బిగించేస్తుంది. కొట్టులో సిస్టమ్ రోజుల తరబడి ఆపరు, టెర్మినల్ కిటికీ కూడా మూయరు. సోమవారం తెరిచిన కిటికీలో గురువారం మూట కొడితే సోమవారం తేదీతో ఫైలు తయారవుతుంది. అంతకన్నా ఘోరం, సోమవారం కట్టిన అసలు మూట మీదే ఇది రాసేస్తుంది. ఎక్కడా ఒక్క తప్పు కూడా చూపించదు. డాలర్ గుర్తు ఉన్న ఎలియాస్ దేనికైనా సింగిల్ కోటే వాడండి.

మూట కట్టేటప్పుడు పేర్ల మొదట్లో ఉన్న ఏటవాలు గీత తీసేస్తున్నానని టార్ ఒక లైను చెబుతుంది. అది తప్పు కాదు. వదిలేయండి.

నిలవుంచడం

ఇంతవరకు పెట్టినవన్నీ ఆ కిటికీ మూసేదాకానే. 'నిన్న పనిచేసింది కదేటి బాబూ, ఇయాల నేదంటంది' అని గుమాస్తా ఫోన్ చేసేది ఇందుకే. ప్రతి కొత్త టెర్మినల్లోనూ ఉండాలంటే ఫైల్లో రాయాలి.

బాష్ తెరుచుకున్నప్పుడు హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే బాష్‌ఆర్‌సీ అనే ఫైలు చదువుతుంది. ఎలియాస్‌లు అందులోనే రాయొచ్చు. నేనైతే రాయను. ఆ ఫైల్లో సిస్టమ్ పెట్టుకున్న సరంజామా చాలా ఉంటుంది, అందులో మీ నాలుగు లైన్లు కలిసిపోతే మళ్లీ వెతుక్కోవాలి. ఉబుంటు, డెబియన్‌లలో దీనికి విడిగా ఒక ఫైలు ఏర్పాటు చేసే ఉంచారు. మనం తయారుచేసుకోవడమే తరువాయి:

నానో ~/.బాష్_ఎలియాసెస్

బి, ఏ, ఎస్, హెచ్, కింది గీత, తరవాత ఏ, ఎల్, ఐ, ఏ, ఎస్, ఈ, ఎస్. ముందు చుక్క మర్చిపోవద్దు. తెరుచుకున్న కిటికీలో ఎలియాస్‌లను లైనుకొకటి రాయండి. లైను మొదట్లో # పెడితే అది మీ కోసం రాసుకున్న గమనిక అవుతుంది. అది తెలుగులో రాసినా ఏ ఇబ్బందీ లేదు. ఆరు నెలల తరవాత మూట ఏమిటో, బ్యాక్ ఏమిటో గుర్తురావాలంటే ఆ గమనికలే దిక్కు. కంట్రోల్ ఓ, ఎంటర్ నొక్కితే సేవ్ అవుతుంది. కంట్రోల్ ఎక్స్ నొక్కితే బయటికొస్తారు.

రాసింది సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోవచ్చు:

బాష్ -ఎన్ ~/.బాష్_ఎలియాసెస్

ఏమీ చెప్పకపోతే మంచిదే. కోట్ మూయకపోతే లోపముందని చెబుతుంది. సరిచేశాక, ఈ కిటికీలో ఫైళ్లను మళ్లీ చదివించడానికి:

సోర్స్ ~/.బాష్‌ఆర్‌సీ

కొత్త టెర్మినల్ ఒకటి తెరిచి, అక్కడ పనిచేస్తోందని చూశాకే పాతది మూయండి. ఏదైనా చెడిపోయినా సరిదిద్దడానికి చేతిలో ఒక కిటికీ ఉంటుంది. దూరాన ఉన్న సర్వర్ మీద పనిచేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. అన్నీ అడ్డం తిరిగితే 'బాష్ --నోఆర్‌సీ' అని కొట్టండి. ఆ ఫైలు చదవకుండా శుభ్రంగా తెరుచుకుంటుంది.

ఫెడోరా లాంటి వేరే లినక్స్‌లలో ఈ విడి ఫైలు గురించి బాష్‌ఆర్‌సీకి తెలియకపోవచ్చు. అప్పుడు బాష్‌ఆర్‌సీ చివర ఈ ఒక్క లైను చేర్చండి:

[ -ఎఫ్ ~/.బాష్_ఎలియాసెస్ ] && . ~/.బాష్_ఎలియాసెస్

చదరపు బ్రాకెట్లకు లోపలివైపు ఖాళీలు ఉండాల్సిందే.

ఎస్ఎస్‌హెచ్‌తో (దూరాన ఉన్న సిస్టమ్‌లోకి వెళ్లే కమాండు) లాగిన్ అయినప్పుడు మాత్రమే ఎలియాస్‌లు కనిపించడం లేదా? అక్కడ హోమ్ ఫోల్డర్‌లో చుక్క బాష్_ప్రొఫైల్ అనే ఫైలు ఉందేమో చూడండి. లాగిన్ షెల్ నేరుగా బాష్‌ఆర్‌సీని చదవదు. ఉబుంటులో చుక్క ప్రొఫైల్ అనే ఫైలు దాన్ని పిలుస్తుంది. బాష్_ప్రొఫైల్ ఉంటే చుక్క ప్రొఫైల్‌ను అసలు ముట్టుకోదు. బాష్_ప్రొఫైల్‌లో '. ~/.బాష్‌ఆర్‌సీ' అని ఒక లైను రాస్తే సరిపోతుంది.

ఆర్ఎమ్ జోలికి వెళ్లకండి

ఆర్ఎమ్ అంటే ఫైళ్లు తీసేసే కమాండు. దాని గురించి చాలామంది ఇచ్చే సలహా ఒకటుంది: ఆర్ఎమ్‌ను 'ఆర్ఎమ్ -ఐ'కి ఎలియాస్ చేసుకోండి, ఫైలు తీసేముందు అడుగుతుంది, సేఫ్ అని. రెడ్ హ్యాట్ లినక్స్ కుటుంబంలో రూట్ యూజర్‌కి (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) ఇది ముందే పెట్టి ఉంటుంది కూడా. నాకు ఈ సలహా నచ్చదు.

మొదటి కారణం, అలవాటు. అడుగుతుందిలే అన్న ధీమాతో ఆర్ఎమ్ కొట్టడం మీ వేళ్లకు అలవాటైపోతుంది. రేపు ఎవరిదో సర్వర్‌లోకి వెళ్తారు. అక్కడ ఆ ఎలియాస్ ఉండదు. అదే ధీమాతో కొడతారు, అడగదు. లినక్స్‌లో ఆర్ఎమ్ తీసేసినవి చెత్తబుట్టలోకి వెళ్లవు, పోయినట్టే. రెండో కారణం ఇంకా గట్టిది. 'ఆర్ఎమ్ -ఆర్ఎఫ్' అని కొట్టినప్పుడు వెనకొచ్చిన ఎఫ్, ముందున్న ఐని కొట్టేస్తుంది. అంటే అతి ప్రమాదమైన కమాండు కొట్టిన రోజే ఆ కాపలా లేచిపోతుంది. ఇక దాన్ని పెట్టుకుని ఏం లాభం?

దానికి బదులు కొత్త పేరు పెట్టుకోండి:

ఎలియాస్ బుట్ట='జియో ట్రాష్'

సిమ్ కార్డు జియో కాదిది. జీ, ఐ, ఓ. ఉబుంటు డెస్క్‌టాప్‌లో ఇది ఫైలును చెత్తబుట్టలోకి పంపుతుంది, కావాలంటే మళ్లీ తెచ్చుకోవచ్చు. వేరే సిస్టమ్ మీద పొరపాటున బుట్ట అని కొడితే 'అలాంటి కమాండు లేదు' అంటుంది, అంతే. నష్టమేమీ ఉండదు. అసలు కమాండు పేరు మీద దాని స్వభావం మార్చే ఎలియాస్ పెట్టకూడదు అని ఒక్క నియమం పెట్టుకోండి. ఫైళ్ల జాబితా చూపించే ఎల్ఎస్‌కి రంగులు వేయడం లాంటివి ఫరవాలేదు, రంగు లేకపోతే ఎవరి కొంపా మునగదు.

ఎవరైనా ముందే పెట్టిన ఎలియాస్‌ను ఒక్కసారికి పక్కన పెట్టాలంటే కమాండు ముందు వెనక్కి వాలిన గీత పెట్టండి: \ఎల్ఎస్. లేదా 'కమాండ్ ఎల్ఎస్' అని కొట్టండి. అసలుదే నడుస్తుంది.

మధ్యలో మాట పెట్టాలంటే ఫంక్షన్

బాష్ ఎలియాస్ ఉన్నచోట దాని పూర్తి పాఠాన్ని పెడుతుంది, మీరు కొట్టిన మిగతాది దాని వెనక తగిలిస్తుంది. అంతకుమించి దానికి తెలివి లేదు. బిల్లుల్లో ఒక పార్టీ పేరు వెతకాలనుకోండి. పేరు మధ్యలో రావాలి, ఫైళ్లు చివర రావాలి. ఎలియాస్‌తో ఇది కుదరదు. మీరిచ్చిన మాటను $1 ఉన్నచోట పెట్టుకోగల ఫంక్షన్ కావాలి. అదే ఫైల్లో ఎలియాస్‌ల కింద ఇలా రాయండి:

వెతుకు() { గ్రెప్ -ఐ "$1" ~/బిల్లులు/2025-26/*.సీఎస్‌వీ; }

మీసాల బ్రాకెట్టు తెరిచాక ఖాళీ, మూసేముందు సెమికోలన్, రెండూ తప్పనిసరి. ఇక 'వెతుకు నరసన్నపేట' అంటే నరసన్నపేట ఉన్న ప్రతి లైనూ ఏ ఫైల్లో ఉందో చూపిస్తూ వస్తుంది. గింజ గ్రేడు వెతికేటప్పుడు ఒట్టి 320 కొట్టకండి. 1320 రూపాయల బిల్లూ వస్తుంది, 320 కిలోల లోడూ వస్తుంది. డబ్ల్యూ320 అని పూర్తిగా కొట్టండి. రెండు మాటలున్న పేరైతే డబుల్ కోట్‌లో పెట్టండి.

వెతుకు అనే పేరుతో ఇప్పటికే ఎలియాస్ ఉంటే ఫంక్షన్ రాసే లైన్లో లోపముందని బాష్ గోల పెడుతుంది. ముందు ఎలియాస్ తీసేసి అప్పుడు ఫంక్షన్ రాయండి.

సుడో, స్క్రిప్టులు, క్రాన్

రూట్ అధికారంతో కమాండు నడిపించే సుడో (ఎస్, యూ, డీ, ఓ) వెనక ఎలియాస్ పెడితే దొరకలేదంటుంది, ఎందుకంటే బాష్ లైన్లో మొదటి మాటనే ఎలియాసా అని చూస్తుంది. దీనికి ఒక చిట్కా ఉంది:

ఎలియాస్ సుడో='సుడో '

కోట్ మూసేముందు ఒక ఖాళీ ఉంది చూడండి. ఎలియాస్ చివర ఖాళీ ఉంటే బాష్ తరవాతి మాటను కూడా పరీక్షిస్తుంది.

స్క్రిప్టుల్లో (కమాండ్లు వరసగా రాసిన ఫైళ్లు), క్రాన్‌లో (చెప్పిన వేళకు కమాండ్లు నడిపించేది) ఎలియాస్‌లు పనిచేయవు. రాత్రి తొమ్మిదింటికి దానంతటదే బ్యాకప్ జరగాలని క్రాన్‌లో 'బ్యాక్' అని రాస్తే ఏమీ జరగదు. అక్కడ పూర్తి కమాండే రాయాలి. స్క్రిప్టులో బలవంతంగా ఎలియాస్‌లు తెరిపించే ఆప్షను ఉంది గానీ, ఆ స్క్రిప్టు రేపు ఇంకెవరైనా చదవాలి కదా.

పేరు తెలుగులో పెట్టొచ్చా?

పెట్టొచ్చు. 'ఎలియాస్ జాబితా' అని తెలుగు లిపిలోనే పేరు పెట్టినా బాష్ ఒప్పుకుంటుంది. నడుస్తుంది కూడా. కానీ చాలా టెర్మినళ్లలో ఒత్తులు, గుణింతాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గజిబిజిగా కనిపిస్తాయి. పైగా మధ్యలో కీబోర్డు భాష మార్చాలి, ఆ మార్చే టైములో పొడుగు కమాండే కొట్టేయొచ్చు. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టడం ఉత్తమం. మూట, బుట్ట, వెతుకు అలా పెట్టినవే. ఇంగ్లిష్ కమాండ్ల పేర్లతో గొడవపడే అవకాశం కూడా తక్కువ.

సర్దుకోవడం, తీసేయడం, తరలించడం

ఏప్రిల్ ఒకటిన బిల్లుల ఫోల్డరు మారుతుంది. బిఎల్‌లోనూ వెతుకులోనూ ఏడాది మార్చాలి, ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోవడం ఖాయం. ఫైలు పైన ఒక్కచోట ఇలా రాయండి:

ఏడాది=2025-26

ఆ తరవాత మిగతా లైన్లలో ఏడాది ఉన్నచోట $ఏడాది అని పెట్టండి. ఈ పేరు మాత్రం తప్పనిసరిగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి, ఇలా విలువ దాచుకునే పేరును వేరియబుల్ అంటారు, తెలుగు లిపిని వేరియబుల్ పేరుగా బాష్ ఒప్పుకోదు. ఇక ఏటా ఒక్క లైను మారిస్తే చాలు.

వద్దనుకున్న ఎలియాస్‌ను తీసేయడానికి:

అన్‌ఎలియాస్ మూట

ఇది ఈ కిటికీకి మాత్రమే. ఫైల్లో లైను చెరపకపోతే రేపు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అన్నీ ఒక్కసారి తీసేయాలంటే 'అన్‌ఎలియాస్ -ఏ'. ఏదో వింతగా ప్రవర్తిస్తోందని అనుమానం వచ్చినప్పుడు, తప్పు ఎలియాస్‌దా కమాండుదా తేల్చుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. ఫైలు చెక్కుచెదరదు కాబట్టి భయం లేదు.

ఈ ఫైల్లో పాస్‌వర్డులు రాయకండి. ఎవరు తెరిచినా చదవగలిగే మామూలు పాఠమది. పైగా దీన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి అందరికీ ఇస్తారు. సర్వర్ అడ్రసులు పెట్టుకోవాలంటే ఎలియాస్‌కన్నా ఎస్ఎస్‌హెచ్ సొంత కాన్ఫిగ్ ఫైలు మేలు, ఫైళ్లు కాపీ చేసే ఎస్‌సీపీ, ఆర్‌సింక్ కూడా దాన్ని చదువుతాయి.

కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు ఆ ఒక్క ఫైలు కాపీ చేసుకుంటే మీ పేర్లన్నీ వచ్చేస్తాయి. చుక్కతో మొదలవుతుంది కాబట్టి ఫోల్డర్ కిటికీలో కనిపించదు. కంట్రోల్ పట్టుకుని హెచ్ నొక్కితే బయటపడుతుంది. కాపీ చేశాక బ్యాక్ లైను ఒకసారి చూడండి. కొత్త సిస్టమ్‌లో యూజర్ పేరు కొట్టు కాకపోతే పెన్‌డ్రైవ్ దారి కూడా మారిపోయి ఉంటుంది.